హీటరుకు కలిసిన లెక్క మోటారుకు ఎందుకు కలవలేదు?

తమ్ముడూ, ముందు నీ రీడింగులు ఇక్కడ మళ్లీ రాస్తున్నా, చదివేవాళ్లకు వెతుక్కునే పని లేకుండా.

చిత్తూరులో ఐటీఐ చదువుతున్నావు. ఎవరి దగ్గరో టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టిస్తే ఆంపియర్లు చూపించే మీటరు) అడిగి తెచ్చుకుని ఇంట్లో మూడు వస్తువులు కొలిచావు. వోల్టేజీ 208. వాటర్ హీటర్ రాడ్ 5.9 ఆంపియర్లు, 100 వాట్ల గుండు బల్బు 0.41, ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు 5.4. వోల్టులను ఆంపియర్లతో భాగించి నిరోధం కట్టావు. తర్వాత కరెంటు తీసేసి, మల్టీమీటరును ఓముల మీద పెట్టి అదే నిరోధాన్ని నేరుగా కొలిచావు. రాడ్‌కు లెక్కలో 35.3, మీటర్లో 34.8. ఇది కలిసింది. బల్బుకు లెక్కలో 507, మీటర్లో 38. మోటారుకు లెక్కలో 38.5, మీటర్లో 3.1. "సూత్రం తప్పా, మీటరు తప్పా, నేను తప్పా అన్నా?" అని అడిగావు. 1500 వాట్లని రాసిన రాడ్ 1227 వాట్లే లాగుతోందంటే కంపెనీవాళ్లు మోసం చేసినట్టేనా అని ఇంకో ప్రశ్న. చివర్లో మీ మామ బోరు మోటారు సంగతి.

నీ మీటరు బాగుంది, నీ భాగహారం బాగుంది. భాగిస్తే వచ్చిన అంకె దేని గురించి చెబుతోందో అది ఒక్కటే తేలాలి. తిరుపతిలో మోటారు వైండింగ్ షాపు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లోడూ మొదటి నెలలో ఇక్కడే తడబడ్డాడు, నేనూ తడబడ్డాను.

ఒక చిన్న అనుమానం. మూడింటికీ వోల్టేజీ 208 అనే రాశావు. ఒక్కసారి కొలిచి మూడింటికీ అదే వాడేశావు కదూ? హీటరు వేయగానే ప్లగ్గు దగ్గర వోల్టేజీ రెండో మూడో పడిపోతుంది. నీ లెక్క దాని వల్ల పెద్దగా చెడలేదులే. కానీ అలవాటు మాత్రం మార్చుకో. వోల్టులు, ఆంపియర్లు రెండూ ఒకే క్షణంలో, వస్తువు నడుస్తుండగా, ఆ వస్తువు దగ్గరే తీసుకోవాలి. మీటరు బోర్డు దగ్గర వోల్టులు, మోటారు దగ్గర ఆంపియర్లు తీసి భాగిస్తే మధ్యలో ఉన్న వైరు నిరోధం కూడా మోటారు ఖాతాలో పడుతుంది.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం అనే ఈ నియమం కనిపెట్టిన ఓమ్ కూడా ఈ బాధ పడినవాడే. జర్మనీలో కొలోన్ ఊర్లో బడిపంతులు. మొదట్లో బ్యాటరీలతో ప్రయోగాలు చేస్తే, కరెంటు తీసుకునేకొద్దీ వోల్టేజీ దిగిపోయి అంకెలు కుదరలేదు. తోటి శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ ఇచ్చిన సలహాతో బ్యాటరీ వదిలేసి థర్మోకపుల్ పట్టుకున్నాడు. బిస్మత్, రాగి కలిపిన జంట, దాని రెండు అతుకుల వేడిలో తేడా ఉంటే వోల్టేజీ పుడుతుంది. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకోటి మంచులో. వోల్టేజీ చాలా తక్కువైనా కదలకుండా నిలిచింది, అప్పుడు నియమం బయటపడింది. 1827లో పుస్తకంగా వేశాడు. లో వోల్టేజీ బాధ మన ప్రాంతానికే పుట్టిందనుకోవద్దు.

సరే, రాడ్ దగ్గరికి వద్దాం.

రాడ్ లోపల ఉండేది నైక్రోమ్ తీగ. వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు, ఒకటి రెండు శాతం పెరుగుతుందంతే. అందుకే చల్లగా 34.8, వేడిగా 35.3. ఇప్పుడు కంపెనీ మాట సరిచూద్దాం. 1500 వాట్లని రాసింది 230 వోల్టుల దగ్గర. 230ని 230తో గుణించి 1500తో భాగించు. 35.27 వస్తుంది. నీకొచ్చిన 35.3 అదే కదా! మోసమేం లేదు. మీ ఇంటికి వస్తున్నది 208. వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి పోతాయి. వోల్టులు పదో వంతు తగ్గితే ఆంపియర్లూ పదో వంతు తగ్గుతాయి, రెండు తగ్గుదలలూ గుణించుకుని వాట్లు దాదాపు ఐదో వంతు తగ్గిపోతాయి. 208 × 5.9 = 1227. అంతే.

ఈ వర్గం దెబ్బ ఎట్లా ఉంటుందో లాడ్జీల్లో చూడాలి. స్టేషన్ దగ్గర ఒక లాడ్జి ఓనరు ఒకసారి నన్ను పిలిపించాడు. కొండకు పోయే యాత్రికులు తెల్లవారుజామున మూడింటికే లేచి స్నానాలకు నిలబడతారు, అన్ని రూముల్లో గీజర్లు ఒకేసారి వేస్తారు. "నీళ్లు కాగడం లేదు, ఎలిమెంట్లు మార్చు" అన్నాడు. అప్పటికే వేరే మెకానిక్‌తో నాలుగు మార్పించాడట. పగలు పోయి కొలిస్తే అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. 2000 వాట్ల ఎలిమెంటుకు 26.45 ఓములు ఉండాలి, ఉన్నాయి. మర్నాడు మూడున్నరకు పోయి కొలిచాను. 184 వోల్టులు! 184ను 26.45తో భాగిస్తే ఏడు ఆంపియర్లు, 1280 వాట్లు. 15 లీటర్ల నీళ్లను 22 డిగ్రీల నుంచి 55కు తేవడానికి 2000 వాట్లయితే 17 నిమిషాలు, 1280 అయితే 27 నిమిషాలు. నిద్రమత్తులో బకెట్ పట్టుకుని నిలబడినవాడికి ఆ పది నిమిషాలు గంటలాగే ఉంటాయి మరి. ఎలిమెంట్లు మార్చడం కాదు, మెయిన్ నుంచి పై అంతస్తుకు పోయే వైరు లావుది వేయమన్నాను. ఫేజులు మూడూ ఉన్నా గీజర్లన్నీ ఒక ఫేజు మీదే ఉంటే అవీ పంచమన్నాను.

ఆ లాడ్జిలోనే ఇంకో సంగతి చూశాను, నీ భాగహారానికి అంతకంటే మంచి వాడకం నాకు తెలియదు. ఒక రూములో ప్లగ్గు నల్లబడి ఉంది. గీజరు నడుస్తుండగా స్విచ్చుబోర్డుకు వచ్చే వైరు దగ్గర 208, గీజరు చివర 203. ఐదు వోల్టులు మధ్యలో మాయం. గీజరు లాగుతున్నది 7.67 ఆంపియర్లు. ఐదును 7.67తో భాగిస్తే 0.65 ఓము. ఆ అర ఓము చిల్లర ఎక్కడుంది? సాకెట్లో వదులైన స్క్రూ కింద. ఐదును 7.67తో గుణిస్తే 38 వాట్లు. మనం ఈయం అతికే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. దానికంటే ఎక్కువ వేడి ఒక చిన్న ప్లాస్టిక్ సాకెట్లో కూర్చుని ఉంది, నల్లబడకుండా ఏమవుతుంది? మల్టీమీటర్ ఓముల్లో పెట్టి అదే స్క్రూను కొలిస్తే ఏమీ తెలియదు. మీటరు వైర్లకే అర ఓము దాకా ఉంటుంది, పైగా మీటరు పంపే కరెంటు వెంట్రుకంత. వదులు జాయింటు గుట్టు లోడ్ మీదే బయటపడుతుంది. ఇది కరెంటు ఉండగా చేసే కొలత కాబట్టి పక్కన తెలిసినవాడు లేకుండా నువ్వు చేయొద్దు.

బల్బు సంగతి తొందరగా చెప్పేస్తా. టంగ్‌స్టన్ తీగ వెలుగుతున్నప్పుడు రెండున్నర వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలో నిరోధం చల్లగా ఉన్నప్పటి కంటే పది పదిహేను రెట్లు. నీకు 38 ఎక్కడ, 507 ఎక్కడ, పదమూడు రెట్లు. రెండూ నిజమే, 38 స్విచ్చు వేయకముందుది, 507 వెలుగుతున్నప్పటిది. స్విచ్చు వేసిన ఆ మొదటి క్షణంలో 208ని 38తో భాగించినంత, అంటే ఐదున్నర ఆంపియర్లు లాగుతుంది, కన్ను ఆర్పేలోగా 0.41కి దిగిపోతుంది. గుండు బల్బులు ఎక్కువగా స్విచ్చు వేసినప్పుడే టప్పుమని పోయేది అందుకే. కోళ్ల షెడ్డుల్లో కోడిపిల్లలకు వెచ్చదనానికి ఈ బల్బులు ఇంకా వాడుతున్నారు కదా, వాళ్లనడుగు, సాయంత్రం వేసేటప్పుడే ఎన్ని పోతాయో. ఎల్‌ఈడీ బల్బుకు మాత్రం ఈ భాగహారం చేయకు. లోపల సర్క్యూట్ ఉంటుంది, ఓములనే మాటకే అర్థం లేదు. వోల్టులను ఆంపియర్లతో గుణించినా అసలు వాట్ల కంటే ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు మోటారు. నీ ప్రశ్నలో ముడి ఇక్కడే ఉంది.

మల్టీమీటర్ చూపిన 3.1 ఓములు వైండింగ్‌లో రాగి తీగది. అంతే, ఇంకేమీ లేదు. మీటరు లోపల ఉన్నది చిన్న బ్యాటరీ, దాని కరెంటు ఒకే దిక్కుకు పోతుంది, మోటారు తిరగడం లేదు. మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, కాబట్టి కాయిల్ తన అయస్కాంతంతో దానికి అడ్డుపడుతుంది. రోటరు, అంటే లోపల తిరిగే భాగం, తిరుగుతుంటే ఎదురు వోల్టేజీ కూడా పుడుతుంది. ఇవన్నీ కలిసి చేసే అడ్డే ఆ 38.5. దాన్ని నిరోధం అనరు, ఇంపిడెన్స్ అంటారు. ఓములే కానీ వేరే జాతి ఓములు. రోటరు బిగుసుకుపోతే చూడు, ఎదురు వోల్టేజీ పోతుంది, మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగి గుంయ్‌మని మోగుతుంది. రాగి తీగ మారలేదు, అడ్డు మాత్రం పడిపోయింది.

కాబట్టి 208 × 5.4 = 1123 వస్తుంది కదా, అవి వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. అసలు వాట్లు కావాలంటే దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే వోల్ట్ ఆంపియర్లలో ఎన్నో వంతు నిజంగా వాట్లవుతోందో చెప్పే అంకెతో, గుణించాలి. పవర్ ఫ్యాక్టర్ కొలిచే మీటరు లేదంటావు. ఉంది, మీ ఇంటి గోడకే ఉంది. కరెంటు మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు చూశావా? దాని పక్కన ఒక యూనిట్‌కు ఇన్ని ఇంపల్స్ అని రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 ఉంటుంది, మీదాని మీద ఎంతుందో చూసుకో. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో అన్నీ ఆపేసి మోటారు ఒక్కటే వేసి, సెల్ఫోన్లో టైమర్ పెట్టుకుని ఒక నిమిషం మెరుపులు లెక్కపెట్టు. 54 వచ్చాయనుకో. నిమిషానికి 54 అంటే గంటకు 3240, దాన్ని 3200తో భాగిస్తే 1.01 కిలోవాట్లు. 1012 వాట్లను 1123తో భాగిస్తే 0.90. అదే నీ పవర్ ఫ్యాక్టర్. ముందు హీటరుతో పరీక్షించు, 1227 వాట్లకు నిమిషానికి 65 మెరుపులు రావాలి. వచ్చాయా, నీ పద్ధతి సరిగ్గా ఉన్నట్టు.

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు కదా, మరి వెయ్యి ఎందుకంటావేమో. 746 అనేది షాఫ్ట్ దగ్గర బయటికిచ్చేది. లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ ఉంటుంది. మిగతాది వైండింగ్ వేడి, ఇనుము వేడి, బేరింగు రాపిడి. చేతి అనుభవం కొద్దీ చెబుతున్నా, మోటారు మీద చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం ఆ తేడాయే.

ఇంకో తిరకాసుంది, పరీక్షలో అడగరు గానీ పొలంలో అడుగుతారు. వోల్టేజీ తగ్గితే హీటరు తక్కువ కరెంటు లాగుతుంది, నెమ్మదిగా కాగబెడుతుంది, దానికేం కాదు. మోటారు అట్లా కాదు. నీళ్లు ఎత్తాల్సిన బరువు అదే కాబట్టి వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కుతుంది, చివరికి నా షాపుకొస్తుంది. నా బతుకుతెరువులో సగం లో వోల్టేజీ పెట్టిందే.

పాకాల దగ్గర ఒక తోతాపురి తోట. రైతు పెద్దాయన, నేను మామా అనే పిలుస్తా. బోర్డు నుంచి 200 మీటర్ల దూరంలో తొట్టి దగ్గర ఒక హెచ్‌పీ మోటారు. స్టార్ట్ కాదు, మూలుగుతుంది. మోటారు లేవడానికి సాయపడే కండెన్సర్లు రెండు మార్చాడు, నాకు ఫోన్ చేసి "వైండింగ్ పోయినట్టుంది రా, ఇప్పుకుని తీసుకురానా?" అన్నాడు. ఇప్పొద్దు మామా, నేనే వస్తానన్నాను. మా పిల్లోణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి, నేను మోటారు దగ్గర నిలబడి, ఫోన్లో మాట్లాడుకుంటూ స్విచ్చు వేయించాం. స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో బోర్డు దగ్గర 206, మోటారు దగ్గర 140. వైరులో 22 ఆంపియర్లు. వెంటనే ఆపేశాం. తేడా 66 వోల్టులు, 22తో భాగిస్తే సరిగ్గా 3 ఓములు. ఇది మోటారుది కాదు, వైరుది. వేసింది 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. అది కిలోమీటరుకు 7.41 ఓములు. పోను 200, రాను 200, మొత్తం 400 మీటర్లు. అంటే 2.96 ఓములు. కొలత, లెక్క కలిశాయి కాబట్టి మధ్యలో జాయింట్లేవీ చెడలేదు, వైరే సన్నం. రాను దూరం కూడా కలపాలని చాలామంది మర్చిపోతారు, న్యూట్రల్ కూడా వైరే కదా.

6 స్క్వేర్ ఎంఎం వేయమన్నాను. అది కిలోమీటరుకు 3.08, మొత్తం 1.23 ఓములు. మోటారు దగ్గర స్టార్టింగ్ వోల్టేజీ 170 దాటింది. తిప్పే బలం వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. స్విచ్చు వేయగానే లేచింది. "ఇంత వైరు ఖర్చు పెట్టించావు, కండెన్సరు నూరు రూపాయలతో పోయేది కదా" అని మామ ఇప్పటికీ అంటాడు. కానీ ఆ తర్వాత ఆ మోటారు మళ్లీ నా షాపు గడప తొక్కలేదు.

మీ మామ బోరు 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ అన్నావు, ఫేజుకూ ఫేజుకూ మధ్య 390 వోల్టులు, ఒక్కో ఫేజులో 7.8 ఆంపియర్లు. 1.732 × 390 × 7.8 వేస్తే 5269 వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ 0.82 అనుకుంటే 4320 వాట్లు. 3730 వాట్ల మోటారుకు సబబైన అంకెలే, దిగులు పడొద్దు. మూడు ఫేజుల్లో ఆంపియర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. ఒకదాంట్లో 7.8, ఇంకోదాంట్లో 10 ఉంటే అప్పుడు ఫోన్ చేయమను.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, నువ్వు ఒంటరిగా కొలుస్తున్నావు కాబట్టి. టాంగ్ టెస్టర్ ఒక్క వైరు చుట్టూనే వేయాలి, ప్లగ్గు వైరు మొత్తం పట్టిస్తే సున్నా చూపిస్తుంది. పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. ఓములు కొలిచేటప్పుడు ప్లగ్గు పీకేసి ఉండాలి, కండెన్సరును ఒక బల్బు ద్వారా డిశ్చార్జ్ చేసి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, మల్టీమీటర్ ఎర్ర పిన్ను ఆంపియర్ల గుంటలో ఉందేమో చూసుకో. నేను పని నేర్చుకునేటప్పుడు, ముందు రోజు ఆంపియర్లు కొలిచి పిన్ను అక్కడే వదిలేశాను. పొద్దున్నే వచ్చి వోల్టులు చూద్దామని నేరుగా మెయిన్‌లో పెట్టాను. ఆ గుంటలో నిరోధం దాదాపు సున్నా. వోల్టులను సున్నాతో భాగిస్తే ఏమవుతుందో ఆ రోజు చూశాను. పిన్నుల కొనలు కరిగి గోడకు అంటుకున్నాయి, కనుబొమలు కాలాయి, మా మేస్త్రి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నీ 3.1 ఓముల కొలతను పారేయకు, దాంతో నీకు ఒక పని చెబుతాను. మోటారు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, అదే రెండు చివరల మధ్య జాగ్రత్తగా కొలిచి, గది వేడి ఎన్ని డిగ్రీలో పక్కన రాసుకో. 30 అనుకుందాం. తర్వాత గంటసేపు నడిపి, ఆపి, ప్లగ్గు పీకి, కండెన్సరు డిశ్చార్జ్ చేసి, నిమిషం లోపల మళ్లీ కొలువు. రాగి నిరోధం వేడితో పాటు ఒక లెక్కలో పెరుగుతుంది, ఆ లెక్కలో రాగికి వాడే అంకె 234.5. రెండో రీడింగు 3.7 వచ్చిందనుకో. 3.7ను 3.1తో భాగించి, దాన్ని 234.5 + 30తో గుణించి, మళ్లీ 234.5 తీసేయి. 81 వస్తుంది. నీ వైండింగ్ లోపల సగటున 81 డిగ్రీల వేడి ఉన్నట్టు, థర్మామీటరు లోపలికి దూర్చకుండానే. 80 ప్రాంతమైతే భయం లేదు, 120 దాటుతుంటే మోటారు మీద లోడ్ ఎక్కువైనట్టు, లేదా వోల్టేజీ మరీ తక్కువైనట్టు. మీటరు వైర్ల నిరోధం రెండు రీడింగుల్లోంచీ తీసేయడం మర్చిపోకు, పిన్నులు ఒకదానికొకటి తాకించి చూస్తే ఎంతో తెలుస్తుంది. ఆ రెండు అంకెలూ, మీటరు మెరుపుల లెక్కా వచ్చాక ఇక్కడే రాయి, చూసి చెబుతా.